ఆ టీ పెట్టె చైనాదేనా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో పాత భోషాణాల గురించి రాస్తూ, బొమ్మలు వేసిన టీ పెట్టెలను ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. ఆ వాక్యానికి గుంటూరు, విజయవాడల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని ఊహించలేదు. కాఫీ తాగే ఇళ్లలో ఇన్ని టీ పెట్టెలు ఎలా చేరాయన్నది వేరే ముచ్చట. ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఆర్యా, బ్రాడీపేటలో మా అత్తవారి పాత ఇల్లు పడగొట్టే ముందు అటక మీది సామాను దింపుతుంటే ఇత్తడి బిందెల వెనక ఒక నల్లని పెట్టె దొరికింది. జానెడున్నర పొడవు, జానెడు వెడల్పు ఉంటుంది. మూత మీద బంగారు రంగులో వంతెన, గొడుగులు పట్టుకున్న మనుషులు, అంతస్తుల గోపురం, ఒక పెద్ద పిట్ట ఉన్నాయి. లోపల మూతలున్న రెండు లోహపు డబ్బాలు ఉన్నాయి. తాళం ఉంది గాని చెవి లేదు. మా మామగారి తాతగారు మద్రాసులో ఒక దొరల కంపెనీలో గుమాస్తా అట. ఒక దొర సీమకు వెళ్లిపోతూ సామాను వేలం వేస్తే కొన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. మా ఆడపడుచు దీన్ని జపాన్ పెట్టె అంటుంది, మా వారు చైనాది అంటారు. ఎవరి మాట నిజం? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫొటోలను బట్టి చూస్తే ఇద్దరి మాటా నిజం కాదు. అది ఇంగ్లాండులో తయారైన పెట్టె. అయితే ఆ ఇద్దరూ అలా అనుకోవడానికి కారణం మాత్రం గట్టిదే.

17వ శతాబ్దంలో చైనా పింగాణీ, పట్టు, టీ, ల్యాకర్ సామాను ఓడల్లో యూరప్ చేరాయి. ల్యాకర్ అంటే చైనా, జపాన్ దేశాల్లో పెరిగే ఒక చెట్టు పాలతో చేసే పూత. ఆ పాలను పొర మీద పొరగా పూస్తూ తేమ గాలిలో గట్టిపడనిస్తే నల్లని అద్దంలా మెరిసే పై పూత వస్తుంది. ఆ చెట్టు యూరప్‌లో లేదు, పాలను ఓడలో అంత దూరం చెడకుండా తెచ్చే దారీ లేదు. సరుకుకు గిరాకీ విపరీతంగా ఉంది. దాంతో అక్కడి పనివాళ్లు దొరికిన జిగుర్లతో, మసితో, బంగారు పొడితో దాన్ని అనుకరించడం మొదలుపెట్టారు. ఆ అనుకరణకు ఇంగ్లీషులో ‘జపానింగ్’ అని పేరు పడింది, ఎందుకంటే అప్పట్లో మేలైన ల్యాకర్ అంటే వాళ్లకు జపాన్ సరుకే గుర్తొచ్చేది. మీ పెట్టె వేలంలో అమ్ముడైనప్పుడు పట్టీలో కూడా ఆ మాటే రాసి ఉంటారు. మీ ఆడపడుచు మాట ఆ పట్టీ నుంచి ఇంట్లో వాళ్ల నోట నానుతూ వచ్చిందేమోనని నా అనుమానం.

ఇక బొమ్మల సంగతి. చైనా ముఖం ఎన్నడూ చూడని చిత్రకారులు, పింగాణీ పళ్లేల మీద, ల్యాకర్ బీరువాల మీద చూసిన దాన్ని తమ ఊహతో కలిపి ఒక చైనాను తయారు చేశారు. ఆ బాణీకి ఫ్రెంచి మాటలో ‘షిన్వాజరీ’ అని పేరు. 18వ శతాబ్దం మధ్యలో దాని మోజు పరాకాష్ఠకు చేరింది. మన ఇళ్లలో నీలి రంగు పింగాణీ పళ్లేల మీద విల్లో చెట్టు, వంతెన మీద ముగ్గురు మనుషులు, పైన జంట పక్షులు ఉండే బొమ్మను మీరు చూసే ఉంటారు. అది 1790 ప్రాంతంలో ఇంగ్లాండులో పుట్టిన బొమ్మ, దానికి చెప్పే ప్రేమకథ కూడా అక్కడ అల్లిందే. మీ పెట్టె మీది లోకం కూడా అలాంటిదే.

మీ రెండో ఫొటోను భూతద్దంలో చూశాను. పిట్ట కాళ్లు పక్కనున్న మనిషి నడుముకంటే పొడుగ్గా ఉన్నాయి, వంతెన ఒక చివర గట్టుకు తగలకుండానే ఆగిపోయింది, గోపురం మీద జెండాలా వేలాడుతున్న పట్టీలో ఉన్నవి చైనా అక్షరాలు కావు, అక్షరాల్లా కనిపించాలని గీసిన పిచ్చిగీతలు. చైనా పనివాడు పిట్టను పెద్దది చేస్తే చేయవచ్చు గాని తన లిపిని అలా రాయడు. పైగా కొండలు, మనుషులు ఉబ్బెత్తుగా ఉన్నాయి. బంక జిగురులో రంపపు పొట్టులాంటివి కలిపి ముద్దగా పెట్టి, ఆరాక చెక్కి, దాని మీద బంగారు పొడి అద్దడం ఇంగ్లాండు జపానింగ్‌లో మామూలు పద్ధతి.

అదే కాంటన్ నుంచి వచ్చిన అసలు చైనా పెట్టె అయితే వేరుగా ఉండేది. 1757 నుంచి 1842 దాకా యూరప్ వర్తకులకు చైనాలో తెరిచి ఉన్న రేవు అదొక్కటే, కాబట్టి ఎగుమతి పెట్టెలు చేసేవాళ్లు కూడా అక్కడే గుమిగూడారు. వాళ్ల పనిలో ఖాళీ జాగా దాదాపు ఉండదు. అంచు నుంచి అంచు దాకా రెండు ఛాయల బంగారంతో సన్నని ఇళ్లు, తోటలు, వందల కొద్దీ చిన్న చిన్న మనుషులు కిక్కిరిసి ఉంటారు. అడుగున డ్రాగన్ పంజాల ఆకారంలో కాళ్లుంటాయి. లోపలి ప్యూటర్ (తగరం పాలు ఎక్కువగా ఉండే మిశ్రమ లోహం) డబ్బాల మూతల మీద కూడా నగిషీ చెక్కి ఉంటుంది. మీ డబ్బాల మీద ఏ నగిషీ లేదు.

ఫొటోలో కనిపించని వాటిని మీరే చూడవచ్చు. చాప మీద దుప్పటి పరిచి, డబ్బాలు తీసేసి, పెట్టెను మెల్లగా బోర్లించండి. ఇలాంటి పెట్టెలు పైన చెప్పేవన్నీ అలంకారాలు. అసలు సంగతి అడుగున, లోపల, మడతబందుల వెనక ఉంటుంది. అడుగు చెక్క అతుకులు చేత్తో కోసినవైతే ఒక్కో అతుకు వెడల్పు ఒక్కోలా ఉంటుంది. మడతబందుకు బిగించిన మర ఒకటి వదులుగా ఉంటే దాని కొన చూడండి: 19వ శతాబ్దం మధ్య దాకా చెక్క మరలకు కోసైన మొన ఉండేది కాదు. తలమీద నక్షత్రపు గాడి ఉన్న మర కనిపిస్తే అది 1930ల తర్వాత ఎవరో బిగించినదే. పొరలు పొరలుగా అతికించిన ప్లైవుడ్ కనిపిస్తే ఇక మాట్లాడుకోవాల్సిందేమీ లేదు. ఒక అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి పెట్టె పక్కన ఆనించండి. అంటుకుంటే పెట్టె చెక్కతో కాదు, రేకుతో చేసినదన్నమాట. వేల్స్‌లోని పాంటీపూల్‌లో రేకు మీద ఇలాంటి నల్లని పూత, బంగారు బొమ్మలు వేసేవారు. చేతికి మరీ తేలికగా ఉండి, తడితే చెక్క మోత కాక అట్ట మోత వస్తే కాగితపు గుజ్జుతో చేసినది కావచ్చు. ఆ గుజ్జు పలకలకు బర్మింగ్‌హామ్‌లో 1772లో పేటెంటు తీసుకున్నారు.

రెండు డబ్బాలు ఎందుకని అడగలేదు గాని చెబుతాను. ఒకటి ఆకుపచ్చ టీకి, ఒకటి నల్ల టీకి. ఇంటికొచ్చిన వాళ్ల ముందు యజమానురాలే తాళం తీసి, కొలిచి, కాచేది. తాళం ఎందుకంటే టీ అంత ఖరీదు. 1784లో బ్రిటన్ టీ మీద పన్ను తగ్గించినప్పుడు అది 119 శాతం నుంచి పన్నెండున్నర శాతానికి దిగింది. అంతకు ముందు దాని ధర ఎలా ఉండేదో దీన్నిబట్టి ఊహించుకోండి. మన అమ్మమ్మలు కుంకుమపువ్వు డబ్బీని ఇనప్పెట్టెలో పెట్టి, తాళంచెవుల గుత్తిని బొడ్లో దోపుకున్నట్టే సీమ దొరసాని ఈ చెవిని దగ్గర పెట్టుకునేది. ఈ పెట్టెను ఇంగ్లీషులో ‘క్యాడీ’ అనడం మలయ్ భాషలోని ‘కాటీ’ అనే తూకం పేరు నుంచి వచ్చింది. ఒక కాటీ అంటే సుమారు 600 గ్రాములు.

పెట్టె తీరు, తాళం రేకు ఆకారం చూస్తే 18వ శతాబ్దం చివరి పాతికేళ్లు, 19వ శతాబ్దం తొలి పాతికేళ్ల మధ్యది అనిపిస్తోంది. మరల మొనలు చూసి రాయండి. ఒక్క మాట: ఆ డబ్బాల్లో మళ్లీ టీ పొడి గాని, యాలకులు గాని పోయవద్దు. పాత ప్యూటర్‌లో సీసం కలిసి ఉండే అవకాశం ఉంది. సీసం గురించి పక్క ఉత్తరంలో ఇంకా చెప్పాల్సి వచ్చింది.

ప్రశ్న: ఆర్యా, వన్‌టౌన్‌లో మా పాత కొట్టు గోదాములో పెద్ద చెక్కపెట్టె ఉంది. బయట చినిగిపోయిన రంగు కాగితం, దాని మీద చైనా పువ్వుల్లాంటి బొమ్మలు. లోపల నాలుగు వైపులా బూడిద రంగు పల్చని లోహపు రేకు పరిచి అంచులు అతికి ఉంది. చెమ్మ తగలదని మా అమ్మగారు చాలా ఏళ్లుగా అందులో సంవత్సరపు చింతపండు దాస్తున్నారు. దీని విలువ ఎంత ఉంటుంది? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: విలువ సంగతి తర్వాత. ముందు ఆ చింతపండు తీసేసి పారేయండి. పశువులకు కూడా పెట్టవద్దు.

చైనా నుంచి టీ ఎగుమతి చేసిన పెట్టెలకు లోపల సీసపు రేకు పరిచి, అంచులు మాటువేసి మూసేవారు. నెలల తరబడి సాగే సముద్ర ప్రయాణంలో ఉప్పుగాలి, ఓడ అడుగు కంపు టీకి పట్టకుండా ఉండటానికి అది చేసిన ఏర్పాటు. 1773 డిసెంబరు 16న అమెరికాలోని బోస్టన్ రేవులో వలస ప్రజలు నీళ్లలో పారేసిన 342 పెట్టెలూ టీ ఎగుమతి పెట్టెలే. పొడి ఆకుకు ఆ రేకుతో పెద్ద చిక్కు లేదనుకునేవారు. చింతపండు అలా కాదు. అందులో టార్టారిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. మనం దాచేటప్పుడు ఉప్పు కూడా కలుపుతాం. తడి పులుపు సీసానికి తగిలితే సీసం కరిగి పండులోకి దిగుతుంది. అది రుచికి తెలియదు, రంగుకు తెలియదు. పులుసులో ఉడికినా పోదు.

రేకు మీద అక్కడక్కడా తెల్లని పిండిలాంటిది పేరుకుని ఉంటే దాన్ని గోకవద్దు, చీపురుతో ఊడ్చవద్దు. తడిగుడ్డతో ఒత్తి తీసి ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. ఇంట్లో అందరినీ, ముఖ్యంగా పసిపిల్లలు, గర్భిణులు ఉంటే వాళ్లను డాక్టరుకు చూపించి రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేయించండి. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం కొద్దిగా చేరినా చేటే.

రేకు నిజంగా సీసమేనా, అల్యూమినియమా అన్న సందేహం రావచ్చు. 20వ శతాబ్దంలో వచ్చిన ప్లైవుడ్ టీ పెట్టెల్లో అల్యూమినియం రేకు ఉండేది, అంచులకు ఇనుప పట్టీలు ఉండేవి. అల్యూమినియం తెల్లగా, బిరుసుగా ఉంటుంది; సీసం మసకగా, మెత్తగా, గోరుతో నొక్కితే గుంట పడేలా ఉంటుంది. మీరు రాసిన బూడిద రంగు, మాటువేసిన అంచులు సీసాన్నే సూచిస్తున్నాయి. గోరు పరీక్ష కూడా మీరు చేయవద్దు.

ఇక విలువ. ఇలాంటి సరుకు పెట్టెలను ఖాళీ అయ్యాక చాలావరకు పొయ్యిలో పెట్టేశారు, కాబట్టి బొమ్మల కాగితంతో సహా మిగిలినదానికి చరిత్ర దృష్ట్యా మంచి విలువే ఉంది. ఆ చినిగిన కాగితాన్ని పీకి శుభ్రం చేస్తే ఆ విలువ కూడా దానితోనే పోతుంది.

ప్రశ్న: అయ్యా, నేను కొనాలనుకుంటున్న ఒక పెట్టెను అమ్మకందారు ‘కోరమాండల్ పనితనం’ అంటున్నారు. కోరమాండల్ అంటే మన తీరమే కదా! అంటే అది బందరులో చేసినదని అర్థమా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కోరమాండల్ మన తీరమే. చోళమండలం అన్న మాట యూరప్ వాళ్ల నోట అలా అయింది. మన స్టేషన్‌లో ఆగే రైలుకూ ఆ పేరే. ‘కోరమాండల్ ల్యాకర్’ మాత్రం చైనాలో తయారైనదే. చెక్క పలక మీద మందంగా పూత పెట్టి, దానిపై ల్యాకర్ వేసి, బొమ్మ గీతలను గట్లుగా వదిలి మిగతాది చెక్కి తీసి, ఆ గుంటల్లో రంగులు నింపుతారు. ఎక్కువగా ఎత్తైన మడత తెరలు అలా చేసేవారు. చైనా చక్రవర్తి కాంగ్‌షీ కాలంలో, అంటే 1662 నుంచి 1722 దాకా, ఆ పని బాగా సాగింది. ఆ సరుకు యూరప్‌కు వెళ్లే దారిలో మన తీరపు రేవుల్లో ఓడలు మారేది, అందుకే రేవు పేరు సరుకుకు అంటుకుంది. ఇంగ్లాండులో ఇంకా ముందు దాన్ని జావాలోని బాంటమ్ రేవు పేరుతో పిలిచేవారు. అంటే దళారి ఊరి పేరే మిగిలి, చేసినవాడి ఊరి పేరు పోయింది. గుంటూరు మిర్చి అని పేరు పడ్డ కాయంతా గుంటూరు పొలాల్లో పండినదేనా?

మీరు చూస్తున్న పెట్టెలో ఒకటి గమనించండి. యూరప్‌లో ఆ తెరలను ముక్కలుగా కోసి బీరువాలకు, పెట్టెలకు అతికించేవారు. అలా చేసినదైతే ఒక పక్క మనిషికి తల ఉండి కాళ్లు తెగిపోతాయి, ఇంకో పక్క ఇల్లు తలకిందులై ఉంటుంది. అలా కనిపిస్తే నిజమైన పాత తెర ముక్క అయ్యే అవకాశం ఎక్కువ. బొమ్మ నాలుగు వైపులా అంచులకు చక్కగా కుదిరి, అన్ని గట్లూ ఒకే ఎత్తులో ఉంటే అనుమానించాలి.

బందరుకు ఈ కథలో అసలు వాటా లేకపోలేదు. 1611లో ఇంగ్లీషు ఓడ మచిలీపట్నం చేరే నాటికే అక్కడ అద్దకం బట్టల వ్యాపారం జోరుగా ఉంది. ఆ బట్టల మీది పూల కొమ్మల్లో మన పనివాళ్ల చెయ్యి, యూరప్ వర్తకుల కోరిక, చైనా బొమ్మల పోకడ ఏది ఎక్కడ మొదలైందో విడదీయలేనంతగా కలిసిపోయాయి. ఇంకో వాటా లక్క. సీమ జపానింగ్‌లో పూతకు ముఖ్యమైన జిగురు మన దేశపు లక్క పురుగు ఇచ్చేదే. ఏటికొప్పాక బొమ్మలు తరిణి మీద తిరుగుతుంటే పట్టే లక్క, లండన్ పనివాడు చైనాను అనుకరించడానికి స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒకటే. ఈ సంగతి నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

ప్రశ్న: మా టీ పెట్టె మీద బొమ్మలు మసకబారాయి. వడ్రంగి స్పిరిట్ పాలిష్ పెడితే కొత్తదానిలా అవుతుందంటున్నాడు. అక్కడక్కడా రంగు పెచ్చులు లేచింది. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వడ్రంగిని మర్యాదగా పంపించేయండి. ఆయన చెప్పే పాలిష్ కూడా స్పిరిట్‌లో కరిగించిన లక్కే. మీ పెట్టె పాత పూత కూడా లక్కదే అయితే ఆ స్పిరిట్ తగలగానే అదీ కరుగుతుంది. రెండో చుట్టుకే బంగారు పొడి, నల్లని మసి కలిసి గుడ్డకు అంటుకొస్తాయి.

నా తప్పు కూడా చెప్పాలి. ఏళ్ల కిందట ఒక మిత్రుడి పెట్టెను, దుమ్ముగా ఉందని, తడిపి పిండిన గుడ్డతో ఒక్కసారి తుడిచాను. గుడ్డ వెళ్లిన మేరకు, పెరట్లో ఆరేసిన వడియం మీద మంచు పట్టినట్టు, తెల్లని పొగలాంటి మరక లేచింది. ఎండ వెలుగు ఏళ్ల తరబడి పడ్డ ల్యాకర్‌కు నీళ్లంటే పడదు. లక్క పూత కూడా తేమకు అలాగే తెల్లబారుతుంది. ఆ మరక ఇప్పటికీ ఉంది, మిత్రుడు ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు.

దుమ్మును పొడి మెత్తని కుంచెతో, పెచ్చులు లేచిన చోటును వదిలేసి, దులపండి. కొబ్బరినూనె, నిమ్మచెక్క, ఫర్నిచర్ మైనం వద్దు. లేచిన పెచ్చులను ఫెవికాల్‌తో అతికించవద్దు. ఊడిపడ్డ పెచ్చు ఉంటే కాగితంలో మడిచి పెట్టెతోపాటే దాచండి. ఎండ పడే కిటికీ పక్కన గాని, స్నానాల గది గోడకు ఆనించి గాని, ఏసీ గాలి తగిలే చోట గాని పెట్టవద్దు. మన మే నెల ఎండకు చెక్క కుంచించుకుంటుంది, ఆగస్టు తేమకు ఉబ్బుతుంది, పైనున్న పూతకు ఆ సాగుడు లేదు కాబట్టి పగులుతుంది. మీ పెచ్చులకు కారణం అదే. నేలకు ఆనకుండా పీట మీద పెడితే చెదలు కూడా త్వరగా కంటపడతాయి. బాగుచేయించాలనే ఉంటే లక్నోలో సాంస్కృతిక సంపద పరిరక్షణకు జాతీయ పరిశోధనాలయం ఉంది, అక్కడికి ఫొటోలతో రాసి సలహా అడగండి. అసలు చైనా ల్యాకర్ ఎలా ఉంటుందో కళ్లారా చూడాలంటే హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చైనా విభాగానికి ఒక పూట కేటాయించండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి తాతగారి టీ పెట్టెను పంపమంటున్నాడు. పార్సిల్ చేయవచ్చా? దానికి చెవి చేయించవచ్చా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పెట్టెకు వందేళ్లు నిండి ఉంటే పంపకూడదు. 1972లో చేసి 1976లో అమల్లోకి తెచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం అలాంటి వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. అది విదేశంలో తయారై ఇక్కడికి వచ్చినదైనా సరే, ముందు భారత పురావస్తు సర్వేక్షణ సంస్థను అడిగి, అది పురావస్తువు కాదని రాతపూర్వకంగా తీసుకున్నాకే కదిలించండి. డబ్బాల మూతలకు తెల్లని పిడి ఉంటే ఇంకా జాగ్రత్త. అది ఏనుగు దంతమైతే ఇక్కడ అమ్మడం కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధం.

చెవి చేయించవచ్చు. తాళాన్ని పెట్టెలోంచి ఊడదీయకుండా, మీ కళ్ల ఎదుటే, ఇత్తడి ముక్కను ఆకురాయితో అరగదీస్తూ గాడికి సరిచూసే పాతకాలపు పనివాణ్ణి పట్టుకోండి. లోపల నూనె పోయనివ్వకండి, అది చెక్కలోకి దిగుతుంది.